కాగితముపై నిలిచిన కట్టడములు

మయసభను గూర్చి వినని తెలుగు స్త్రీ యుండదు. నీరున్నచోట నేలయనియు, నేలయున్నచోట నీరనియు భ్రమించి దుర్యోధనుడు పడిన పాట్లను మనము చిన్ననాడే పెద్దల నోట వింటిమి. భారతమును చదువుకొన్నవారము మఱల చదివి నవ్వుకొంటిమి. అయినను ఆ సభకు స్తంభము లెన్ని, ద్వారము లేదిక్కున నుండెను, వాననీరు వెడలు మార్గమేది యని యెవరైన నడిగినచో నుత్తరము చెప్పజాలము. కవి వర్ణన మనకు దక్కినది. శిల్పి కొలతలు దక్కలేదు. మన దేశమున నిలిచియున్న గుడులకును కోటలకును గూడ చాలవఱకు నిదియే గతి. రాయి యున్నది, రాతికి ముందు పుట్టిన గీత లేదు.

ఈ మాసమున మేము సోదరీమణులతో ముచ్చటింప దలచినది అట్టి గీతలను గూర్చియే. అమెరికా దేశమున ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను గృహశిల్పి 1867లో జన్మించి 1959లో గతించిరి. డెబ్బది యేండ్ల కార్యకాలములో ఆయన వేయికి పైగా కట్టడములను కల్పించిరి. వానిలో సుమారు సగము మాత్రమే కట్టబడినవి. తక్కినవి కాగితముపై నిలిచిపోయినవి. ఆ కాగితములను ఆయన కుటుంబమును శిష్యులును పాఱవేయలేదు. 2012లో రైటుగారి పేరనున్న ధర్మసంస్థ ఆ నిధిని న్యూయార్కు నగరమందలి ఆధునిక కళాప్రదర్శనశాలకును, కొలంబియా విశ్వవిద్యాలయమునకు జెందిన యేవరీ గ్రంథాలయమునకును ఉమ్మడిగా నప్పగించెను. లెక్కకు ఇరువది మూడువేల చిత్రములు, నలుబది నాలుగువేల ఛాయాచిత్రములు, నలుబది పెద్ద నమూనాలు, మూడులక్షలకు పైబడిన యుత్తరములు! నమూనాలు ప్రదర్శనశాలలోను, కాగితములు గ్రంథాలయములోను ఉంచబడినవి.

ఇల్లు కట్టుట చూచినవారమే గాని ఇంటి పటమును చక్కగా చూచిన స్త్రీలు మనలో తక్కువ. పటము వచ్చిన దినమున మగవారు వీథి యరుగుమీద చాపపై పఱచి, నలుమూలల నాలుగు చెంబులు పెట్టి పరిశీలింతురు. మనకు కనబడునది దాని వెనుకవైపు. వంటయింటి పొగ యెటు పోవలెనో యెఱిగినది మనమే యైనను, ఆ మాట అడుగువా రుండరు. కావున పటములలోని భేదములను కొంచెము చెప్పెదము.

ఇంటి కప్పు తీసివేసి ఆకాశమునుండి పక్షివలె క్రిందికి చూచినట్లు వ్రాసినది ప్లాను. ఏ గది కే గది యానియున్నది, తలుపు లెటు తెఱచుకొనును, గోడ మందమెంత యనునది దానిలో తెలియును. బొప్పాయి పండును నిలువున రెండు చెక్కలుగా కోసినచో తొక్క, కండ, గింజలు ఒక్కసారి కనబడునట్లు, ఇంటిని నిలువున కోసినట్లు వ్రాసినది సెక్షను. పునాది లోతు, మెట్ల యెత్తు, కప్పు వాలు దీనిలోనే కనబడును. వెలుపల నిలిచి చూచినవాని కంటికి తోచునట్లు చెట్టుచేమలతో గూడ వ్రాసినది మూడవది. ఇల్లు కట్టించువారి మనసు గెలుచునది యిదియే. మేస్త్రికి దానితో పనిలేదు.

పూర్వ మీ పటములను పారదర్శకమైన పలుచని కాగితముపై పెన్సిలుతో గీచెడివారు. క్రిందనొక పటమును పెట్టి దానిమీద మఱియొక కాగితము పఱచి, బాగున్నదానిని నిలుపుకొని బాగులేనిదానిని మార్చుకొనుచు పోవచ్చును. ఇనుప లవణములు పూసిన కాగితముపై ఈ పటము నుంచి వెలుతురు సోకనిచ్చి నీళ్లలో కడిగినచో, గీతలున్న చోట తెల్లగాను, తక్కిన చోట గాఢమైన నీలముగాను ప్రతి తయారగును. పనివారి చేతికిచ్చునది ఆ నీలిప్రతియే. అది యెండలో వెలిసి, సున్నము పడి చినిగిపోవును. మొదటి కాగితము మాత్రము కార్యాలయములో మిగులును. అయితే ఆ పలుచని కాగితము కాలక్రమమున పసుపువన్నె తిరిగి, అప్పడమువలె పెళుసగును. చుట్టచుట్టిన దానిని తెలియనివా రొక్కసారి విప్పబోయినచో ముక్కలగును. ఇరువది మూడువేల కాగితముల నట్లు కాపాడుట యెంత పనియో ఇంటిలో తాళపత్రముల కట్ట నొక్కదానిని కాపాడిన వారికే తెలియును.

ఈ పటములను గూర్చి చదువుచుండగా మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది చుక్కల సంగతి. రైటుగారు ఇల్లు గీయుటకు ముందు కాగితమునిండ సమానమైన గడులు గీచుకొని, గోడలును తలుపులును ఆ గడుల గీతలమీదనే పడునట్లు చూచుకొనెడివారు. విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ నగరములో 1937లో కట్టిన జేకబ్సుగారి చిన్న యింటికి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల గడులు పెట్టుకొనిరి. అదే కాలమున కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డునందు కట్టిన హన్నాగారి యింటికి చతురస్రములు కాక తేనెపట్టు గదులవంటి ఆఱుమూలల గడులు. ఆ పటమును చూచినచో మన సోదరీమణులు చుక్కల ముగ్గని భ్రమింతురు. పదునైదు చుక్కలు పెట్టి, ఎనిమిది వచ్చువఱకు సందుచుక్కలు వేసినప్పుడు నేలమీద నేర్పడునది ఇట్టి తేనెపట్టే గదా! మా తల్లిగారు ముగ్గు లెక్కించుకొన్న నోటుపుస్తక మిప్పటికిని మా పెట్టెలో నున్నది. దానిలో పూర్తి ముగ్గులు తక్కువ. చుక్కల లెక్కలు, మెలిక యెచ్చట తిరుగవలెనో తెలుపు చిన్న గుర్తులు ఎక్కువ. వాకిటిలో వేసిన ముగ్గు మధ్యాహ్నమునకు తొక్కబడి పోయెడిది. ఆ పుస్తకమున్నది గనుకనే ఆమె ముగ్గు మేమిప్పటికిని వేయగలము.

రైటుగారి కీ గడుల చూపు తల్లివలన గలిగినది. జర్మనీ దేశమున ఫ్రోబెల్ అను విద్యావేత్త పసిపిల్లలకొఱకు చెక్క ఘనములు, బంతులు, రంగు కాగితములు గల యాటవస్తువులను ఏర్పఱచెను. 1876లో ఫిలడెల్ఫియా నగరపు మహాప్రదర్శనములో వానిని చూచి, ఉపాధ్యాయినిగా పనిచేసిన ఆన్నా రైటుగారు తన తొమ్మిదేండ్ల కుమారునకు గొనితెచ్చెను. గడులు గీచిన బల్లమీద ఆ చెక్కలను పేర్చుట ఆ బాలుని మొదటి పాఠము. ఆ చెక్కల నునుపు తన వ్రేళ్లను విడువలేదని ఆయన వార్ధక్యములో చెప్పుకొనిరి. బడిపంతులుగారి యింట నుండు మాకీ భాగము చదువుటకు ఇంపుగా నుండుట వింత కాదు. మావారు మాత్రము, చెక్కముక్కలు కొనిపెట్టిన తల్లులందఱి పిల్లలును రైటులు కాలేదు గదా యనిరి. కాకున్ననేమి, పిల్లవాడు కొంతసేపు అల్లరి మానును.

కాగితములు భద్రముగా నున్నచో కలుగు ప్రయోజనమేమని అడుగవచ్చును. పెన్సిల్వేనియాలో బేర్ రన్ అను సెలయేటిమీద రైటుగారు 1935లో కల్పించిన ఇల్లొకటి కలదు. జలపాతమునకు పైగా గచ్చుచేసిన వసారాలు క్రింద స్తంభము లేక గాలిలోనికి చాచుకొని యుండును. ఇంటి యజమాని కాఫ్మన్ గారు వ్యాపారి గావున జాగరూకుడు. తన తరపున వేఱు ఇంజనీర్లను పెట్టుకొని పటము నొకసారి చూడుమనెను. వారు భయపడి, రైటుగారి యనుమతి లేకయే వసారాలో ఉక్కుకమ్మీలను రెట్టింపు చేసిరి. రైటుగారి కోపమునకు మేర లేకపోయినది. కాని ఆ రెట్టింపు ఉక్కుతో గూడ ఆ వసారా యేండ్లు గడచినకొలది వంగుచు, చివర కేడంగుళములమేర క్రిందికి జాఱినది. 2002లో ఇంజనీర్లు దాని నేలను తెఱచి, ఉక్కుత్రాళ్లను దూర్చి బిగించి నిలిపిరి. పటములో నున్న దెంత, గోడలో నిజముగా దాగియున్న దెంత యని రెంటిని పోల్చి చూచినగాని ఇట్టి పని సాగదు. పటము మాత్రమే చాలదు. అది లేకున్న నసలే కుదురదు.

మా అత్తవారి మండువా లోగిలి మామగారి తండ్రిగారు కట్టించినది. కొలతలన్నియు మేస్త్రి తలలో నుండెను. మండువాలో పడిన వాననీరు నేలక్రిందుగా తూములో బడి వీథికి పోవును. ఒక యేడు శ్రావణమాసములో తూము పూడి, నీరు వంటయింటి గడపదాక నిలిచెను. తూము తూర్పుగోడ క్రిందినుండియో, ధాన్యపు గది క్రిందినుండియో యెవ్వరికిని తెలియదు. మేస్త్రి చనిపోయి ముప్పదియేండ్లు. ముగ్గురు కూలీలు మూడు చోట్ల గచ్చును త్రవ్విరి. చివరకు తూము పూజగది గోడ ప్రక్కన దొరకినది. నేటికిని మా మండువాలో ఆ మూడు అతుకులును వేఱు రంగుతో కనబడుచుండును. ఒక్క కాగితపు ముక్క యుండిన ఆ గచ్చు దక్కియుండెడిది.

కట్టడమే నశించినప్పుడు కాగితము విలువ మఱియొక తీరు. బఫెలో నగరమున సబ్బుల వర్తకులైన లార్కిన్ వారికి 1906లో రైటుగారు కట్టిన కార్యాలయమును 1950లో పడగొట్టిరి. టోకియోలో ఆయన కట్టిన ఇంపీరియల్ హోటలు 1923 సెప్టెంబరు 1వ తేదీని వచ్చిన ఘోర భూకంపమునకు నిలిచెను గాని, మనుష్యుల వ్యాపారబుద్ధికి నిలువలేక 1968లో కూలినది. ముందుభాగమును మాత్రము నగోయా సమీపమున మెయిజి గ్రామమను ప్రదర్శనస్థలములో మఱల నిలిపిరి. ఆ రెండు కట్టడములలో గదులు, మెట్లు, కుర్చీలు, దీపపు గూళ్లు ఎట్లుండెనో నేడు తెలిసికొనగోరువారికి ఆ పటములును ఛాయాచిత్రములునే శరణ్యము.

ఆ పటములు మిగులుటయే యొక యద్భుతము. విస్కాన్సినులో టాలియెసిన్ అని పేరుపెట్టుకొన్న ఆయన యిల్లు రెండుమాఱులు తగులబడినది. 1914లో ఒక సేవకుడు నిప్పుపెట్టి ఏడుగురిని పొట్టనపెట్టుకొనెను. అప్పుడు నేలమాళిగలో నున్న ఆయన చిత్రసంపుటపు అచ్చుప్రతులలో చాలభాగము నశించెను. 1925లో విద్యుత్తు తీగల లోపమువలన మఱల కాలెను. రైటుగారు గతించినపిదప ఆయన భార్య ఒల్గివానాగారు 1985లో తాను మరణించువఱకు శిష్యబృందమును నడపిరి. బ్రూస్ బ్రూక్స్ ఫైఫర్ అను శిష్యుడు కాగితములకు లెక్కకట్టి, సంఖ్యలు వేసి, అరిజోనా యెడారిలోని ఆశ్రమమున భద్రపఱచెను. తాము పెరిగిన యింటినుండి ఆ కాగితములను న్యూయార్కునకు తరలించుట కొందఱికి కష్టముగా దోచినది. మాకును ఆ కష్టము తెలియనిది కాదు. ఆడపిల్లను అత్తవారింటికి పంపిన ఇల్లాండ్రము మనము. అయినను, చిన్న యాశ్రమమున కొందఱి కంటబడుటకంటె, కాగితమును మందువేసి బ్రతికింపగల నిపుణులున్నచోట, ఏ దేశపు విద్యార్థి వచ్చి యడిగినను చూపువారున్నచోట నుండుటయే మేలని మా యభిప్రాయము. 2017లో రైటుగారు పుట్టి నూటయేబది యేండ్లైన సందర్భమున ఆ ప్రదర్శనశాల వారు పెట్టెలు విప్పి లోకమునకు చూపిరి.

పెట్టెలు విప్పినకొలది తేలు ప్రశ్న యొకటి కలదు. ఈ చిత్రము లెవరి చేతివి? బాణాసురుని కుమార్తె ఉష కలలో చూచినవాని నెఱుగలేక వగచినప్పుడు చిత్రలేఖ రాజకుమారుల నందఱను వ్రాసి చూపినది. ఆ కథలో ప్రేమ ఉషది, పెండ్లి ఉషది; అయినను పురాణకర్తలు చిత్రలేఖ పేరు మఱువలేదు. రైటుగారి కార్యాలయములోను ఒక చిత్రలేఖ యుండెను. ఆమె మేరియన్ మహోనీ. 1871లో పుట్టి, 1894లో బోస్టనునందలి మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున గృహనిర్మాణ శాస్త్రములో పట్టము పొందెను; అచ్చట ఆ పట్టము పొందిన స్త్రీలలో ఈమె రెండవది. 1895లో రైటుగారి కార్యాలయమున ప్రవేశించి, పదునాలుగేండ్లు ఇంచుమించుగా ఆయన యొద్ద పనిచేసెను. జపాను దేశపు చెక్కయచ్చు చిత్రములవలె, కాగితపు టంచున నొక కొమ్మ వ్రేలాడునట్లును, ఆకుల నడుమ నిల్లు తొంగిచూచునట్లును వ్రాయుటలో ఆమెకు సాటి లేరు. 1910, 1911లలో బెర్లినునందు వాస్ముత్ అను ప్రకాశకుడు రైటుగారి చిత్రసంపుటమును నూఱు ఫలకములతో ప్రకటింపగా యూరపు నందలి యువశిల్పులు దానిని చూచి మాఱిపోయిరి. ఆ చిత్రములలో సుమారు సగము మహోనీగారి చేతినుండి వచ్చినవని చరిత్రకారుల నిర్ణయము. సంపుటముపై పేరు రైటుగారిది.

ఇది యన్యాయమని వెంటనే కేక వేయుట కష్టము కాదు. కాని గృహశిల్పుల కార్యాలయములలో యజమాని పేరే పటముపై నుండుట వాడుక. పురుషులైన చిత్రకారుల పేర్లు గూడ నట్లే మఱుగుపడినవి. భేదమేమనగా, ఆ పురుషులకు పిమ్మట సొంత కార్యాలయములు, సొంత పేర్లు ఏర్పడినవి. మేరియనుకు పెండ్లి తరువాత మఱియొక పేరు చాటున నిలుచుట యేర్పడెను. 1911లో వాల్టర్ బర్లీ గ్రిఫిన్‌ను వివాహమాడెను. మరుసటి యేట ఆస్ట్రేలియా రాజధాని కాన్బెరా నగరపు పోటీలో గ్రిఫిన్ గెలిచెను. ఆ పోటీకి పంపిన మనోహరములైన చిత్రములు భార్య చేతివే. అవి నేడు ఆస్ట్రేలియా జాతీయ పత్రభాండాగారములో నున్నవి.

ఆ దంపతుల కథ మన దేశమున ముగిసినదని మన సోదరీమణులలో నెందఱెఱుగుదురో! విశ్వవిద్యాలయ గ్రంథాలయము కొఱకు పిలువగా గ్రిఫిన్ 1935లో లక్నో నగరమునకు వచ్చెను. 1936లో భార్య వచ్చి కలిసికొనెను. ఆమె చేయి తోడుకాగానే పనులు పెరిగినవి. పయనీర్ పత్రిక కార్యాలయము, సంయుక్త రాష్ట్రముల ప్రదర్శనపు మండపములు, గృహములు వరుసగా వచ్చినవి. 1937 ఫిబ్రవరి 11వ తేదీని గ్రిఫిన్ అచ్చటనే శస్త్రచికిత్స పిదప మరణించెను. ఆయన సమాధి లక్నోలోనే యున్నది. పరదేశమున నొంటిగా మిగిలిన అఱువదియైదేండ్ల స్త్రీ కాగితములను సర్దుకొని వెడలిపోయెను. తరువాతి కాలమంతయు ఆమె ఒక గ్రంథమును వ్రాసినది. తమ జీవితము, భర్త పనులు, తన తలపులు, ఉత్తరములు, చిత్రములు అన్నియు కలిపి టైపు చేసిన పుటలు పదునాలుగువందలకు మించినవి. ఆమె బ్రతికియుండగా దానినెవ్వరును అచ్చువేయలేదు. ప్రతులను చికాగో కళాశాలకును న్యూయార్కు చరిత్ర సంఘమునకును చేర్చి, 1961లో తన తొంబదవ యేట మరణించెను. అట్లు తన చేతనే భద్రపఱచుకొనుటవలన 2007లో చికాగోవారు ఆ గ్రంథమునంతయు అంతర్జాలమున నెవరైనను చదువుకొనునట్లు ఉంచగలిగిరి.

రైటుగారి నిధిలో 1906లో డిరోడ్స్ అను వారికొఱకు వ్రాసిన ఇంటి చిత్రమొకటి కలదు. దాని యంచున ఆయనయే తరువాత నెన్నడో, ఇది తన్నును జపానీ చిత్రకారుడు హిరోషిగేను అనుసరించి మహోనీ వ్రాసినదని తన చేత్తో గుర్తుపెట్టిరి. ఆయనకు మహోనీ దంపతులతో పిమ్మట పొసగలేదు. ఒప్పుకొనుట ఆయన స్వభావమును గాదు. అయినను ఒక్క కాగితముపై ఆ మాట దిగినది. ఉత్తరములలో నొకరి నొక రన్న మాటలు చాల గలవు గాని, మాకు వానికంటె నా యంచు మీది పంక్తియే విలువైనదిగా దోచుచున్నది.

అదే నిధిలో మన దేశపు పేరు గల పటములును కలవు. అహమ్మదాబాదు నందలి సారాభాయి వంశపు ఆడబిడ్డ గిరా సారాభాయిగారు యౌవనమున టాలియెసినులో రైటుగారి శిష్యురాలుగా నుండెను. 1940ల మధ్యకాలమున రైటుగారు ఆ కుటుంబమువారి కాలికో మిల్లుకొఱకు అహమ్మదాబాదులో నొక బట్టల యంగడిని కల్పించిరి. అది కట్టబడలేదు. గిరాగారు స్వదేశమునకు వచ్చి, అన్న గౌతముగారితో గలిసి 1949లో వస్త్రప్రదర్శనశాలను, 1961లో జాతీయ రూపకల్పన విద్యాలయమును నెలకొల్పుటకు తోడ్పడి, 2021లో గతించెను. ఆమె నెలకొల్పినవి అహమ్మదాబాదులో నున్నవి. ఆ యంగడి మాత్రము న్యూయార్కులో, చదునైన సొఱుగులో, ఒక పలుచని కాగితముపై నున్నది.